హైవే బాబాయి అభిమాన సంఘం, విండ్సర్

ఆ రోజుల్లో లోకంలో ఉన్నవి రెండే జాతులని నా గట్టి నమ్మకం. తెర మీద కనిపించేవాళ్ళు, తెర ముందు ఈల వేసేవాళ్ళు. మొదటి జాతిలో పుట్టలేదని నాకెప్పుడూ బాధ లేదు. రెండో జాతిలో మాత్రం మా తెనాలి మొత్తానికి నన్ను మించినవాడు లేడని చిన్న గర్వం ఉండేది. కొత్త సినిమా వచ్చిందంటే కాలేజీలో నా హాజరు పోయి హాల్లో పడేది. కాగితాలు ఏ సైజులో చింపితే గాల్లో ఎక్కువసేపు తిరుగుతాయో, ఏ వేళ్ళు నోట్లో పెడితే ఈల బాల్కనీ దాకా వెళుతుందో నాకు కొట్టిన పిండి. ఇంత విద్యనీ వెంటబెట్టుకుని చదువు పేరుతో కెనడాలో దిగితే, ఇక్కడ దాన్ని వాడే చోటే లేదు. విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలున్నాయి, యూనివర్సిటీ ఉంది, నది అవతల డెట్రాయిట్ దీపాలు కనిపిస్తాయి, కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. ఈల వేయదగిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. మా ఇంటి ఓనర్ పాటగాడని తెలిసేదాకా నేను అలా చేతులు ముడుచుకునే ఉన్నాను.

ఓనర్ పైన ఉండేవాడు, చదువుకోవడానికి వచ్చిన తెలుగు కుర్రాళ్ళం అయిదుగురం కింద బేస్‌మెంట్‌లో. కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించి బిగించి రిటైరైన మనిషి. ప్రతి శనివారం గరాజ్‌లో తన బ్యాండ్‌తో ప్రాక్టీసు చేసేవాడు. ఆ రకం పాటల్ని హార్ట్‌ల్యాండ్ రాక్ అంటారట. కష్టపడి పనిచేసేవాళ్ళ గురించి, చిన్న ఊళ్ళ గురించి గిటార్ పట్టుకుని గొంతు చించుకుని పాడతారు. ఈయన పాటల్లో హైవే లేని పాట లేదు. హైవే మీద లారీ పోతూ ఉంటుంది, లేదా హైవే పక్కన ఫ్యాక్టరీ మూతపడుతుంది, అదీ కాకపోతే ప్రియురాలు హైవే ఎక్కి వెళ్ళిపోతుంది. (ఆ పాటల్లో ఒక్క అమ్మాయి కూడా కుదురుగా ఇంట్లో ఉండగా నేను వినలేదు. ఆయన భార్య మాత్రం పెళ్ళయిన నాటినుంచీ అదే వంటింట్లో ఉంది.) అందుకని ఎదురుగా అంకుల్ అనీ, చాటున హైవే బాబాయి అనీ పిలిచేవాళ్ళం. మొదటిసారి అంకుల్ అన్నప్పుడు, "నేను మీ నాన్నకు తమ్ముణ్ణా ఏమిటి?" అని నిజంగానే ఆలోచనలో పడ్డాడు. (ఇదంతా ఇంగ్లీషులోనే నడిచింది. నా అనువాదంలో ఆయన కాస్త తెనాలి మనిషిలా వినిపిస్తే ఆ తప్పు నాది, ఆయనది కాదు.)

బ్యాండ్‌లో ఇంకా ఇద్దరు. బాబాయి పాడుతూ గిటార్ ఊరికే మీటేవాడు, అసలు గిటార్ వాయించే ఆయన వేరే. ఆయన బాబాయికి బడిలో పక్క బెంచీ, ఫ్యాక్టరీలో పక్క మిషను. నిద్రలో కూడా టోపీ తీయడేమోనని మాకు అనుమానం, అందుకే టోపీ మామ. డ్రమ్స్ వాయించే మూడో ఆయన నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి ఈ కథలో కూడా ఆయన వాయిస్తూ ఉంటాడంతే. ఈ ముగ్గురూ పాతికేళ్ళ పైనుంచీ మాజీ సైనికుల హాళ్ళలో, టమాటా పండుగల్లో, బంధువుల పెళ్ళిళ్ళలో పాడుతూనే ఉన్నారు. వయసులో ఉండగా ఒక క్యాసెట్ చేశారట. అందులో లారీ పాట ఒకసారి స్థానిక రేడియోలో వచ్చిందట కూడా. ఆ సమయానికి బాబాయి షిఫ్టులో ఉండి వినలేదట. ఎక్కడికి వెళ్ళినా వీళ్ళకిచ్చేది మొదటి చోటే, అంటే జనం ఇంకా కార్లు పార్క్ చేసుకుంటున్నప్పుడు పాడే చోటు. "సెప్టెంబరులో జరిగే పంటల జాతరలో, దీపాలు వెలిగాక, అందరికంటే చివర ఒక్కసారి పాడాలబ్బాయ్. తర్వాత గిటార్ అమ్మేసినా పరవాలేదు" అని బాబాయి ఒకసారి వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తూ నాతో అన్నాడు.

ఒక శనివారం ఆయన పాట వినడానికి అయిదుగురం కారులో ఇరుక్కుని వెళ్ళాం. హాల్లో జనం చేతులు కట్టుకుని కూర్చున్నారు. పాట అయ్యాక మర్యాదగా చప్పట్లు కొట్టారు, మళ్ళీ చేతులు కట్టుకున్నారు. నా రూమ్మేట్ ఒకడుండేవాడు, సొంత ఊరి పేరే వాడికి స్థిరపడిపోయి అందరికీ కరీంనగర్. వాడు నా చెవిలో, "అన్నా, గిట్ల చప్పట్లు కొడ్తే ఆయనకు పాడబుద్ధైతదా? సంతాప సభ లెక్క లేదూ!" అన్నాడు. తిరుగు ప్రయాణంలోనే అభిమాన సంఘం పుట్టింది. అధ్యక్షుణ్ణి నేను. కరీంనగర్ కార్యనిర్వాహక అధ్యక్షుడు. మిగతా ముగ్గురూ గౌరవాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, ప్రచార కార్యదర్శి. పదవులు పంచడం అయ్యేసరికి మామూలు సభ్యులుగా ఉండటానికి ఎవరూ మిగల్లేదు.

మరుసటి ప్రోగ్రాంకి సంఘం తయారై వెళ్ళింది. బాబాయి స్టేజీ ఎక్కగానే కరీంనగర్ వేసిన ఈలకి ముందు వరసలో ఒక పెద్దావిడ చెవి మిషను తీసి చూసుకుంది. నేను రెండు సంచుల కాగితం ముక్కలు గాల్లోకి విసిరాను. బాబాయి పాట ఆపి, పైకప్పు ఊడిందేమోనని తలెత్తి చూశాడు. విరామంలో హాలు మేనేజరు వచ్చి చిరునవ్వుతో అయిదుగురికీ అయిదు చీపుళ్ళు ఇచ్చాడు. (అధ్యక్షుడికి పెద్ద చీపురు దక్కింది.) మర్నాడు ఉదయం బాబాయి బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేయమంటాడని వణుకుతున్నాం. ఆయన మాత్రం, "నిన్న వేశారే, ఆ శబ్దం... అదెలా వేస్తారు?" అని అడిగాడు. కరీంనగర్ వేళ్ళు ఎలా మడవాలో చూపించాడు. బాబాయి శాయశక్తులా ఊదాడు. గాలి, కాస్త తుంపర తప్ప ఏమీ రాలేదు.

అక్కణ్ణుంచి బాబాయిలో మార్పు మొదలైంది. నల్ల కళ్ళద్దాలు వచ్చాయి. మెరిసే చొక్కా వచ్చింది. ఇదివరకు అందరికంటే ముందు వెళ్ళి వైర్లు తనే కలుపుకునేవాడు కాస్తా, మేం నేర్పిన ఎంట్రీ కోసం హాలు వెనక గుమ్మం నుంచి ఆలస్యంగా నడిచి రావడం మొదలుపెట్టాడు. వైర్లు ఇప్పుడు టోపీ మామ కలిపేవాడు. మా గోల చూడటానికే నలుగురు వచ్చేవాళ్ళు, ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పేవాళ్ళు. చివరికి ఆ సంగతి పంటల జాతర కమిటీ దాకా వెళ్ళింది. ఆ ఏడు చివరి చోటు, దీపాలు వెలిగాక పాడే చోటు, బాబాయి బ్యాండ్‌కే ఇచ్చారు. కమిటీవాళ్ళ ఫోన్ పెట్టేశాక బాబాయి గరాజ్‌లోకి వెళ్ళి గిటార్‌కి కొత్త తీగలు బిగించాడు. మా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇలాంటి సందర్భంలో అభిమాన సంఘం చేయవలసిన పని ఒకటే ఉంటుంది కదా. ఫ్లెక్సీ వేయించాం.

ఎంత ఫ్లెక్సీ అనుకున్నారు! గరాజ్ తలుపంత. మధ్యలో నల్ల కళ్ళద్దాలతో బాబాయి నిలువెత్తు బొమ్మ, వెనక హైవే, పైన మెరుపులు, పక్కన పులి. (పులి ఎందుకని ప్రింటింగ్ షాపు అమ్మాయి అడిగింది. పులి లేకుండా ఎలా అని నేనడిగాను.) పై వరసలో, పద్ధతి ప్రకారం, సంఘం పెద్దలం అయిదుగురం. వీసాకి దిగిన ఫొటోలు కావడంతో ఒక్కరం కూడా నవ్వలేదు. ఇంత చేశాక కింద కుడి మూలలో కాస్త ఖాళీ మిగిలితే అక్కడ రెండు చిన్న సున్నాల్లో టోపీ మామనీ, డ్రమ్స్ ఆయన్నీ పెట్టాం. ఎవరినీ వదిలేయలేదని మాకు తృప్తి కూడా.

శనివారం దాన్ని గరాజ్‌కి కట్టాం. బాబాయి భార్య చూసి నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. బాబాయి మాత్రం దాన్ని చేత్తో నిమిరాడు. అప్పుడే టోపీ మామ ట్రక్కు దిగి, గిటార్ పట్టుకుని వచ్చి, చాలాసేపు చూశాడు.

"పైన ఉన్నవాళ్ళెవరు?"

"మన బేస్‌మెంట్ పిల్లలు."

"నేనెక్కడ?"

బాబాయి వేలు చూపించాడు. టోపీ మామ నడుం వంచి, కళ్ళు చికిలించి చూసుకున్నాడు. "పులి కంటే చిన్నగా ఉన్నాను" అన్నాడు. బాబాయి ఆ క్షణంలో ఏదో సర్దిచెప్పి ఉంటే సరిపోయేది. కానీ మా శిష్యరికం అప్పటికే బాగా ఒంటబట్టింది. "అది వాళ్ళ పద్ధతి. హీరో పెద్దగా ఉంటాడు" అనేశాడు. టోపీ మామ గిటార్ మళ్ళీ ట్రక్కులో పెట్టి, తలుపు కూడా నెమ్మదిగానే వేసి, వెళ్ళిపోయాడు.

ఆ రోజే సంఘం చీలిపోయింది. "తప్పు మనదే అన్నా" అన్నాడు కరీంనగర్. "గా మామ గిటార్ ఎత్తుకోకుంటే బాబాయి పాట సగంలనే ఆగిపోతది. అసుంటాయనకు పులికిచ్చినంత జాగ గూడ ఇయ్యవా?"

"హీరో ఒక్కడేరా" అన్నాను, అధ్యక్షుడి హోదాలో.

"అయితే నీకూ నీ సంఘానికీ ఓ దండం" అని వాడు టోపీ మామ పేరున వేరే సంఘం పెట్టి, ఇద్దర్ని లాక్కున్నాడు. ఆస్తుల పంపకాల్లో రైస్ కుక్కర్ వాళ్ళ వర్గానికి పోయింది, పప్పు వండే కుక్కర్ మాకు మిగిలింది. కొన్నాళ్ళు వాళ్ళు ఉత్త అన్నం, మేం ఉత్త పప్పు తిన్నాం.

పైన పరిస్థితి ఇంతకంటే ఘోరం. శనివారాలు గరాజ్‌లో బాబాయి ఒక్కడే పాడుకునేవాడు. లారీ పాటలో గిటార్ అందుకోవలసిన చోట ఆగిపోయేవాడు. ఒకరోజు ఆయన భార్య బట్టలు ఉతకడానికి కిందికి వచ్చి, "ఫ్యాక్టరీలో సగం మందిని ఇంటికి పంపించిన రోజుల్లో కూడా వీళ్ళిద్దరూ మాటలు మానలేదు. మీరేం చేశారు పిల్లలూ?" అంది. కోప్పడలేదు, ఊరికే అడిగింది. ఆ సాయంత్రం కరీంనగర్, నేనూ వర్గాలు పక్కనబెట్టి టోపీ మామ ఇంటికి వెళ్ళాం. "మీకోసం వేరే సంఘం పెట్టినం అంకుల్" అని వాడు చెబితే, ఆయన గుమ్మంలోనే నిలబడి, "నాకు సంఘాలెందుకు బాబూ, వాడొక ఫోన్ చేస్తే చాలు" అన్నాడు. ఆ మాట పరుగున వచ్చి బాబాయికి చెబితే, "వాడికి మాత్రం ఫోన్ లేదా?" అన్నాడు. జాతర రోజు దాకా రెండు ఫోన్లూ మోగలేదు.

జాతరకు బాబాయి అందరికంటే ముందే వచ్చి, నల్ల కళ్ళద్దాలు లేకుండా, వైర్లు తనే కలుపుకున్నాడు. దీపాలు వెలిగాయి. ఆవుల పోటీలు, గుమ్మడికాయల పోటీలు చూసుకుని జనమంతా స్టేజీ ముందుకు వచ్చారు. (దిష్టి తీద్దామని కరీంనగర్ ఒక గుమ్మడికాయ ఎత్తుకొచ్చాడు గానీ, అది రెండో బహుమతి వచ్చిన కాయని తెలిసి వెనక్కి పెట్టేసి వచ్చాం.) మొదటి పాట ఎలాగో గడిచింది. తర్వాత లారీ పాట. గిటార్ అందుకోవలసిన చోటు రాగానే బాబాయి, పాతికేళ్ళ అలవాటు ప్రకారం, ఎడం పక్కకు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. డ్రమ్స్ ఆయన వాయిస్తూనే ఉన్నాడు. బాబాయి ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ నిలబడిపోయాడు. నా వేళ్ళు నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన జీవితంలో కోరుకున్న ఒక్క సాయంత్రం నా ఫ్లెక్సీ మూలాన పాడైపోతోందని అనిపించి ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక బంగాళాదుంప వేపుళ్ళ బండి దగ్గర నుంచి ఈల వినిపించింది. "జై టోపీ మామ!" అని కరీంనగర్ కేక. ఆయన అక్కడే, బండి చాటున, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడట. గుమ్మడికాయలు చూడటానికి వచ్చాడట. (అలాంటప్పుడు ట్రక్కులో గిటార్ ఎందుకుందని ఎవరూ అడగలేదు.) కరీంనగర్ వర్గం ఆయన్ని అమాంతం భుజాలకెత్తుకుంది. ట్రక్కులోంచి తెచ్చిన గిటార్ పెట్టె నెత్తిన పెట్టుకుని ఒకడు ముందు నడిచాడు. "దింపండి, దింపండి" అని ఆయన మొత్తుకుంటుంటే జనం దారి ఇచ్చారు. అసలు సిసలు హీరో ఎంట్రీ అంటే అది! స్టేజీ దగ్గర దింపబోతుంటే టోపీ కాస్తా ఊడి కింద పడింది. దీపాల వెలుగులో ఆయన తల నున్నగా మెరిసింది.

బాబాయి మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయి, "ఒరేయ్, నీ జుట్టేమైందిరా?" అన్నాడు. ఆ మాట జాతర మొత్తానికి వినిపించింది.

"ఎప్పుడో పోయింది. నువ్వు కళ్ళద్దాలు తీస్తేగా!" అన్నాడు మామ.

ముందు బాబాయి నవ్వాడు, తర్వాత మామ, తర్వాత జనమంతా. డ్రమ్స్ ఆయన కూడా నవ్వాడని కరీంనగర్ ఒట్టేసి చెబుతాడు, నేను చూడలేదు. లారీ పాట మళ్ళీ మొదటినుంచీ పాడారు. గిటార్ చోటు రాగానే బాబాయి ఎడం పక్కకు తిరిగి, కింద పడిన టోపీ తన నెత్తిన పెట్టుకుని, స్టేజీ మధ్య నుంచి పక్కకు తప్పుకున్నాడు. చేతులు కట్టుకున్న జనం చేతులు విప్పి చిందులేశారు. నేనూ కరీంనగరూ ఒకే సంచిలోంచి కాగితాలు విసిరాం, ఒకే చీపురుతో ఊడ్చాం. ఆ రోజు ఇంటికొచ్చి అన్నంలో పప్పు కలుపుకుని తిన్నాం.

ఇప్పుడు నేను రిచ్‌మండ్ హిల్‌లో ఉంటాను. పొద్దున్నే ట్రైనెక్కి టొరంటో ఆఫీసుకి వెళ్ళి, మీటింగుల్లో చేతులు కట్టుకుని కూర్చుంటాను. కరీంనగర్ విన్నిపెగ్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. పోయిన వేసవిలో మా అమ్మాయిని తీసుకుని విండ్సర్ వెళ్ళాను. బాబాయి బ్యాండ్ బయట పాడటం మానేసింది కానీ, శనివారాలు గరాజ్‌లో ముసలాళ్ళిద్దరూ కూర్చుంటారు. మూలన గడ్డి కోసే మిషను మీద ఏదో కప్పి ఉంది. చూద్దును కదా, మన ఫ్లెక్సీ! "డాడ్, వై ఈజ్ దేర్ అ టైగర్?" అంది మా అమ్మాయి. పులి చెక్కుచెదరలేదు. పై వరసలో నా ముఖం ఉండవలసిన చోట మాత్రం టోపీ మామ పెద్ద ఫొటో అతికించి ఉంది. దాని అంచు కింద నుంచి నా పాత మీసం కొంచెం కనబడుతోంది. "ఎవరు అతికించారో తెలీదు" అన్నాడు టోపీ మామ, గిటార్ శ్రుతి చేసుకుంటూ.

లారీ పాట పాడారు. బాబాయి గొంతు బాగా అరిగిపోయింది, మామ వేళ్ళు ఒకటి రెండు చోట్ల తడబడ్డాయి. పాట అయ్యాక మా అమ్మాయి మర్యాదగా చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు ఉండగా ఇదేమిటని నాకు పౌరుషం వచ్చి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని బలంగా ఊదాను. గాలి, కాస్త తుంపర తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాను. అంతే. తెనాలి హాళ్ళను దద్దరిల్లించిన కుర్రాడు ఎప్పుడు వెళ్ళిపోయాడో, నాకు చెప్పనైనా చెప్పలేదు.

బాబాయి నన్ను జాలిగా చూశాడు. గిటార్ పక్కన పెట్టి, వేళ్ళు కరీంనగర్ చూపించినట్టే మడిచి, నాలుక కింద పెట్టుకుని, వీధి చివరి ఇంటి కుక్క మొరిగేట్టు ఈల వేశాడు. "రోజూ ప్రాక్టీసు చేయాలబ్బాయ్" అన్నాడు.