ఎర్రబడ్డ పాలు

డెబ్బైల నాటి మాట. మా సైన్సు టీచరమ్మ పళ్లెంలో పాలు పోసి, వాటి మీద రంగులు పరుగెత్తిస్తానన్నారు. పాలు ఎవరు తెస్తారంటే నేనే చెయ్యెత్తాను. మేముండే కార్వాన్ వాడలో మాకు బర్రెలుండేవి. పేడ వాసనంటూ నా పక్కన కూర్చోని పిల్లలకు ఆ పూటన్నా నా గొప్ప చూపించాలని ఉబలాటం.

రంగు కోసం ఆవిడ పసుపునీళ్లు చుక్కలుగా వేశారు. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో పుల్ల ముంచి మధ్యలో తాకించారు. పసుపు ఒక్కసారిగా అంచులకు పారిపోయింది. ఇంకాస్త సబ్బు పోసేసరికి పళ్లెమంతా ఎర్రటి చారలు.

"వీళ్ల బర్రె పాలల్ల రక్తమొచ్చింది," అంది వెనక నుంచి ఒకతి.

పసుపుకు సబ్బు తగిలితే ఎరుపే వస్తుందని టీచరమ్మ బోర్డు మీద రాసి మరీ చెప్పారు. గంట కొట్టాక ఆ మాట ఎవరు వింటారు? పిల్లలు రక్తం మాటే ఇళ్లకు మోసుకెళ్లారు. పొదుగుకు జబ్బు చేస్తే పాలలో రక్తం పడుతుందని మా వాడలో అందరికీ తెలుసు. సాయంత్రం అమ్మ వెంట క్యాను పట్టుకుని నేనూ తిరిగాను. "ఇయ్యాల వద్దక్కా, ఇంట్ల ఉన్నయ్." గుమ్మం గుమ్మానా అదే పాట. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. ఇంటింటికీ వెళ్లి అలాగే చేసి చూపిద్దామన్నాను.

"పాలమ్మేదాని చేతిల సబ్బు చూస్తే ఇంకేమన్నా ఉన్నదా బిడ్డా? ఇన్ని దినాలు పాలల్ల గదే కలిపిందంటరు," అంది అమ్మ.

నేను టీచరమ్మ దగ్గరికి పరుగెత్తాను. మర్నాడు పొద్దున, ఆడవాళ్లంతా మా కొట్టం ఎదుటి నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే వేళ, ఆవిడ గ్లాసుతో వచ్చారు. అప్పుడే పితికిన పాలు పోయించుకుని, అందరి ముందూ తాగేశారు. "నాకేమైనా అయితే అప్పుడు మానేయండి," అన్నారు. ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆఫీసరుగారి భార్య. ఆవిడే తాగాక ఇంకేం అనుమానం? గిన్నెలు వచ్చాయి, నవ్వులూ వచ్చాయి.

అమ్మను చూశాకే నా సంబరం చప్పబడింది. ఇన్నేళ్లూ ఆమె పోసిన పాలను వాడంతా కళ్లు మూసుకుని తాగింది. ఇప్పుడు ఇంకొకరు తాగి చూపిస్తే గానీ నమ్మలేదు. కొలత నిండాక ఎప్పుడూ కాస్త ఒంపే చెయ్యి ఆ పొద్దున కొలత దగ్గరే ఆగిపోయింది.

"కొసరేదక్కా?" అని ఒకామె నవ్వుతూ అడిగింది.

అమ్మ తల ఎత్తకుండానే తర్వాతి గిన్నె అందుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాలు తెస్తానని చెయ్యెత్తింది నేనైతే, వాడంతా చూస్తుండగా తల దించుకుంది మా అమ్మ.