రేవు దాటించేవాళ్ళ ఇంటిపేరు

మా కొత్తపేటలో కొత్త మనిషిని ఊరి పేరు అడిగాక వెంటనే అడిగేది ఇంటిపేరే. మా అక్క జవాబు విన్నవాళ్ళు మాత్రం ఇంకేమీ అడగలేక ఆమె ముఖం చూస్తారు. కోనసీమ మొత్తం మీద ఆ ఇంటిపేరు మనిషి ఇప్పుడు అక్క ఒక్కతే. అది మా బావగారిది. తూర్పు ఐరోపాలోని స్లావు దేశాల్లో కూడా అరుదైన పేరట. ఇక్కడ రాయను. రాస్తే మనిషిని వేలుపెట్టి చూపించినట్టే, అంత తక్కువమంది వాళ్ళు.

అక్క కువైట్‌లో నర్సుగా ఉన్నప్పుడు, అదే ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. నాన్న మండిపడ్డారు. మనిషి ఎలాంటివాడని కూడా అడగలేదు. ముందూ వెనకా తెలియని ఇంటిపేరేమిటన్నదే ఆయన గొడవ. కొన్నేళ్ళకి వాళ్ళిద్దరూ ఉద్యోగాలు మానేసి మా వీధి చివరే ఇల్లు తీసుకున్నారు. అయినా నాన్న పలకరింపు "భోంచేసేరా" దగ్గరే ఆగిపోయేది.

ఒకరోజు మా ఇంట్లో భోజనాల దగ్గర, నాన్న ఉండబట్టలేక ఆ పేరు ఎలా వచ్చిందని అడిగేశారు. బావగారు వచ్చీరాని తెలుగులో మొదలుపెడితే అక్క పూర్తిచేసింది. వాళ్ళది కొండల మధ్య ఏటి ఒడ్డు ఊరట. వంతెన లేని కాలంలో వాళ్ళ పెద్దలు పడవ మీద జనాన్ని దాటించేవారట. అదే ఇంటిపేరైపోయింది. తరవాత యుద్ధాల్లో కొందరు పోయారు, కొందరు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్క అన్నగారూ ఆ మధ్యే పోయారట.

"ఇప్పుడు మా ఊళ్ళో మా పేరు తలుపుల మీద లేదండీ. సమాధుల మీదే ఉంది," అన్నారు బావగారు.

నాన్న ఇంకో చేప ముక్క తీసి ఆయన కంచంలో తనే వేశారు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి కాలవగట్టు మీద నడవడం మొదలైంది. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, ఏం మాట్లాడుకునేవారో దేవుడికే తెలియాలి. జొన్నాడ దగ్గర గోదారి మీద వంతెన కట్టేశారు, ఇక మీకేం పనుందండీ అని నేను బావగారిని ఆటపట్టించేవాణ్ణి. అంత నవ్వాల్సిన మాట కాకపోయినా ప్రతిసారీ నవ్వేవారు.

నిరుడు వానాకాలంలో ఆయన గుండె ఆగి పోయారు. పిల్లల్లేరు. తను ఎక్కడ పోతే అక్కడివాళ్ళ పద్ధతిలోనే సాగనంపమని అక్కకి ఎప్పుడో చెప్పి ఉంచారట. తలకొరివి నేను పెట్టాను.

మాలో మనిషి పోతే ఆ ఇంటిపేరు వాళ్ళంతా పదిరోజులు మైల పడతారు. చూడవచ్చిన చుట్టం ఒకాయన, అక్క తప్ప మైల పట్టేవాళ్ళెవరూ లేరు గనక మూడో రోజుకే అంతా కానిచ్చేస్తే సరిపోతుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క వినేసింది.

"ఆయన కోసం మైల పట్టడానికి కూడా ఇంకో మనిషి లేడురా," అంది నాతో.

నాన్న ఆ మాటా విన్నారు. అప్పట్నుంచి గడ్డం గీసుకోలేదు. పడక వసారాలోకి మార్చేసి, ఒంటిపూట తినేవారు. అల్లుడికి మామగారు అన్నాళ్ళు మైల పట్టడం మాలో లేదు. బెంగపెట్టుకున్నారనే అనుకున్నాం.

పదోరోజు గోదారి రేవులో కర్మ జరిగింది. పోయినవాళ్ళ పేరు చెప్పి దోసిలితో నీళ్ళు వదిలే వేళ, ముందుగా ఇంటిపేరు వాళ్ళు రావాలన్నారు పురోహితుడుగారు. అక్క ఒక్కతే మెట్లు దిగింది. నేను తల దించుకున్నాను.

నాన్న నన్ను పక్కకి జరిపి కిందికి దిగడం మొదలుపెట్టారు. మీరు తరవాతండీ, మీది ఆ ఇంటిపేరు కాదు గదా అన్నారు పురోహితుడుగారు, మెల్లిగానే.

నాన్న ఆ పేరు మొత్తం పలికారు. ఆయన నోట అది వినడం నాకదే మొదలు.

"ఈ పదిరోజులూ నాదీ అదేనండీ," అన్నారు.

అక్క చెయ్యి చాపి నాన్నని నీళ్ళలోకి దించుకుంది. నేను గట్టు మీదే నిలబడి ఏడ్చాను.