పేరు చెప్పు మేడమ్

మా ప్రొఫెసర్ దొరోతేయా బాకాకు కోపం రప్పించడానికి ఒక్క మాట చాలు: "క్షమించండి, నాకు స్పానిష్ సరిగ్గా రాదు." అంతే, కళ్లజోడు బల్లమీద పడేది.

"రాదని ఎవరన్నారు? పేరు చెప్పు!"

చెప్పామా, ఆ మనిషికి మూడిందే. ఒకడి మేనమామనైతే పెళ్లి విందులోంచి బయటికి పిలిపించి మరీ దులిపేసింది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, ఇంట్లో స్పానిష్ వింటూ, బయట ఇంగ్లీషులో బతికే మాలాంటివాళ్ల క్లాసు అది.

ఒకరోజు స్పానిష్‌లో 'తెచ్చాను' అనడానికి 'త్రూహె' అన్నాను. పుస్తకంలో 'త్రాహె' అనుంది. స్పెయిన్‌లోని మాద్రిద్ నుంచి మా క్లాసు చూడ్డానికొచ్చిన కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"క్షమించండి..." అన్నాను. చచ్చాను!

"ఎందుకే క్షమించడం? ఒకప్పుడు వీళ్ల ముత్తాతలు ఓడెక్కించి పంపిన మాటే అది. వాళ్లు పారేసుకున్నారు, మనం దాచుకున్నాం. నవ్వుతావట్రా? దాచినందుకు దణ్ణం పెట్టు!" నావైపు తిరిగింది. "నీకెవరు నేర్పారే?"

"మా అమ్మమ్మ కోళ్లను తిడుతుంటే విన్నాను మేడమ్. నాతో ఇంగ్లీషే. తన స్పానిష్ మంచిది కాదట, నాకంటుకుంటే చదువు చెడుతుందట."

చెబుతుంటే ఏడుపొచ్చింది. అమ్మమ్మకు ఎనభై దాటాయి. తనకొచ్చిన ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో "తిన్నావా, పడుకో" తప్ప మేమిద్దరం ఏనాడూ ఏమీ మాట్లాడుకోలేదు.

"కారెక్కు" అంది మేడమ్.

అమ్మమ్మ పిండి చేతులతోనే తలుపు తీసింది. "రండమ్మా. క్షమించాలి, నా స్పానిష్ అంత..."

"పేరు చెప్పండి!"

అమ్మమ్మ హడలిపోయింది. "మిస్ హ్యాడ్లీ. రెండో తరగతి టీచరు. స్పానిష్ మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కేది."

తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మాట్లాడితే బడిలో సబ్బు, మరిచిపోతే యూనివర్సిటీలో వెక్కిరింపు. ఏం మనుషులండీ!

"ఎక్కడుంటుంది?"

"శ్మశానంలోనమ్మా. ఎప్పుడో పోయింది."

"అయితే ఎక్కడికీ పారిపోదు. పదండి!"

సమాధి ముందు నిలబడి కడిగిపారేసింది. "పసిపిల్ల నోట్లో సబ్బా? సిగ్గులేదుటే?" పక్క సమాధుల దగ్గర పూలు సర్దుతున్నవాళ్లు దూరం జరిగారు.

"పోనీలెండమ్మా" అంటూ అమ్మమ్మ, మేడమ్ చెయ్యి పట్టి లాగింది. కాసేపు విన్నది. తర్వాత, "నువ్వు తప్పుకో తల్లీ, నీకు సరిగ్గా తిట్టడం రావట్లేదు" అని తనే అందుకుంది. అబ్బో! కోళ్లకు కూడా దక్కని తిట్లు. అన్నీ స్పానిష్‌లోనే. వింటుంటే నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ, మా మధ్యనుంచి మెల్లగా పక్కకు తప్పుకుంది.

అమ్మమ్మ ఆయాసం తీర్చుకుని సంచిలోంచి బిస్కెట్లు తీసింది. మొట్టమొదటిసారి నాతో స్పానిష్‌లో అంది: "త్రూహె. నీకోసమే. ఎందుకే ఏడుస్తావు, చెప్పు."

నేనూ స్పానిష్‌లోనే మొదలెట్టాను. "క్షమించు అమ్మమ్మా, నాకు సరిగ్గా..."

"పేరు చెప్పు!" అని అరిచారు ఇద్దరూ.