అయిదు మౌస్‌లకి ఒక కాపలా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే అందరూ సుఖంగా ఉన్నట్టే అనుకునేదాన్ని. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేదంటే ఎక్కడో కొంప మునుగుతోందని ప్రతి తల్లికీ తెలిసిన సంగతి, చదువు ఎక్కువైనందువల్ల కాబోలు, నాకు మాత్రం తెలియలేదు. ఆ రోజులంటే మరీ వెనకటివి కావు. జనం మాస్కులు తీసేసి, విసుక్కుంటూ మళ్ళీ ఆఫీసులకి రావడం మొదలుపెట్టిన రోజులు. అప్పటికి నేను లండన్‌లో కాలేజీ ముగించి (రాణిగారి లండన్ కాదు, మా ఒంటారియో లండన్, ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరికి ఈ సంజాయిషీ ఇచ్చుకునేదాన్ని), కాఫీ కొట్లో కప్పులు కడిగి, చివరికి మార్కమ్‌లో కార్ల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీలో ఐటీ కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించాను. ఉద్యోగమైతే వచ్చింది గానీ, దాని గడువూ నా వర్క్ పర్మిట్ గడువూ పోటీలు పడి దగ్గరికొస్తున్నాయి. పర్మనెంట్ చేస్తే పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే ఉండిపోయే హక్కుకి, అప్లై చేసుకోవచ్చు. చేయకపోతే పెట్టె సర్దుకోవాలి. మూడో దారి లేదు.

మా డైరెక్టర్‌ని మేమంతా చాటుగా ఎక్సలెంట్ గారు అనేవాళ్ళం. ఏం చెప్పినా ఆయన నోట అదే మాట. పక్క సీటావిడకి కవలలు పుట్టారన్నా ఎక్సలెంటే, ప్రింటర్‌లోంచి పొగ వస్తోందన్నా ఎక్సలెంటే. ఒకరోజు ఆయన నన్ను గదిలోకి పిలిచి, పాత కంప్యూటర్లన్నీ తీసేసి క్లౌడ్ డెస్క్‌టాప్‌లు పెట్టాలనుకుంటున్నామని, ముందు ఒక చిన్న గుంపు మీద పైలట్ నడిపి చూడాలని, ఆ పని నాదేనని చెప్పారు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. మీ బల్ల మీద ఉండేది ఒట్టి తెర, కీబోర్డు, మౌసు. అసలు కంప్యూటర్ ఇంకెక్కడో ఉంటుంది. మీరిక్కడ మీట నొక్కితే పని అక్కడ జరిగి, ఆ బొమ్మ తిరిగి మీ తెర మీదికి వస్తుంది. వంటగది వేరే ఊళ్ళో పెట్టుకుని, వడ్డన మాత్రం ఇంట్లో చేసుకోవడం లాంటిది. కూర చల్లారకుండా రావాలి, అంతే. "పైలట్ బాగా జరిగితే నిన్ను పర్మనెంట్ చేస్తాను" అన్నారు ఎక్సలెంట్ గారు. నేనేం జవాబిచ్చానో గుర్తులేదు. ఎక్సలెంట్ అనే అనుంటాను.

"నీతో మనసు విప్పి మాట్లాడేవాళ్ళని ఎంచుకో" అని కూడా చెప్పారాయన. మంచి సలహా. దాన్ని తీసుకెళ్ళి నేను చేసిన పని చూడండి. సేల్స్‌లో ఒక తెల్లాయన ఉండేవాడు, కుర్చీ కిరకిరమంటే ఊరందరికీ ఈమెయిల్ పెట్టే రకం. అలాంటివాళ్ళతో ఏం మనసు విప్పుతాం అనుకుని, నేరుగా ఆర్డర్ల డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. అక్కడ సగం మంది మనవాళ్ళే. (ఒకరు చేరి, తెలిసినవాళ్ళని రిఫర్ చేసి, వాళ్ళు ఇంకొకరిని లాగి, అలా కట్టుకున్న కాలనీ అది.) ఆ కాలనీకి పెద్ద ఆర్డర్ల అంకుల్, గుంటూరాయన, అక్కడ కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి ఇక్కడ బ్రేక్ ప్యాడ్ల ఆర్డర్లు కొట్టేవారు. తర్వాత పెరుగన్నం ఆంటీ, కర్నూలావిడ, అయిదుగురికి సరిపడా పెరుగన్నం తేనిదే ఆఫీసుకి వచ్చినట్టు లెక్క కాదు ఆవిడకి. తర్వాత వరంగల్ అన్న. ఇంకా నెల్లూరు వైపు ఇద్దరు, ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవాళ్ళు ముగించేవారు కాబట్టి ఒకరే అనుకున్నా ఫర్వాలేదు. మనవాళ్ళయితే తెలుగులో దాపరికం లేకుండా చెప్తారు కదా అనుకున్నాను. ఇంటికి పిలిచి భోజనం పెట్టినప్పుడు, పులుసులో ఉప్పు ఎక్కువైందమ్మా అని మొహం మీద చెప్పిన అతిథిని మన జాతిలో ఒక్కరిని చూపించండి. పంటి బిగువున మింగి, మారు వడ్డించుకుని, వంటంటే ఇదీ అని మెచ్చుకుని, ఇంటికెళ్ళి చెంబుడు నీళ్ళు తాగుతారు. అంత తెలిసీ నేను ఆ అయిదుగురినే ఎంచుకున్నాను.

అది చాలదన్నట్టు మొదటిరోజే నోరు జారాను. కొత్త తెరలు బిగిస్తూ బిగిస్తూ, "ఇది మంచిగ నడిస్తే నన్ను పర్మనెంట్ చేస్తరంట అంకుల్, పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు" అన్నాను. అంకుల్ కళ్ళజోడు పైకి తోసుకుని, మిగతా నలుగురి వంకా ఒకసారి చూశారు. "అయితే నడుస్తుందిలే తల్లీ, నడవక ఎక్కడికి పోద్ది" అన్నారు. ఆ చూపులో ఒక తీర్మానం పాసైపోయిందని నాకు తర్వాత్తర్వాత గానీ తెలియలేదు.

ఇక పైలట్ దివ్యంగా సాగింది. ప్రతి శుక్రవారం నేను వెళ్ళి ఎలా ఉందని అడగడం, వాళ్ళు అయిదు నక్షత్రాలకి అయిదూ వేయడం. ఒకరోజు అంకుల్ వెనక గోడౌన్‌లోంచి కాగితాలు పట్టుకుని ఆయాసపడుతూ వస్తూ కనిపించారు. "షుగర్ కదమ్మా, నడవమన్నాడు డాక్టరు" అన్నారు. ఈ వయసులో ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయాను. ఆయన ఆర్డర్లన్నీ పక్కనున్న ప్రింటర్‌లో కాకుండా గోడౌన్ ప్రింటర్‌లో పడుతున్నాయని ఎవరు చెప్తారు? ఇంకోరోజు ఆంటీ ఏదో టైప్ చేసి, చేతులు కట్టుకుని, తెరకేసి ధ్యానం చేస్తున్నట్టు కూర్చున్నారు. "ఏమైందాంటీ?" అంటే, "ఏం ల్యా పాపా, కండ్లకి రెస్టు ఇస్తాండా" అన్నారు. అక్షరాలు దారిలో ఉన్నాయని, ఇంకా తెర మీదికి రాలేదని చెప్పలేదు. పొద్దున్నే వస్తే డెస్క్‌టాప్ కాస్త త్వరగా తెరుచుకుంటోందని అయిదుగురూ ఏడింటికే రావడం మొదలుపెట్టారు. నన్నడిగితే ఉత్సాహం కొద్దీ వస్తున్నారని చెప్పేదాన్ని. నిజంగానే ఎవరో అడిగారు, నేను చెప్పాను కూడా.

చివర్లో రిపోర్టు తయారుచేశాను. సిస్టమ్ దానంతటదే లెక్కలిచ్చింది. ఏడింటికే లాగిన్, సాయంత్రం దాకా పని, లంచ్ టైములో కూడా ఆగని పని, ఫిర్యాదులు సున్నా. దానికో గ్రాఫ్ గీశాను. ఇస్త్రీ చేసినట్టు తిన్నగా ఉన్న గీత. అంత అందమైన గీత నేను మళ్ళీ గీయలేదు. ఎక్సలెంట్ గారు దాన్ని చాలాసేపు చూశారు. "లంచ్‌కి కూడా లేవడం లేదా వీళ్ళు?" అని అడిగారు. "కొత్త సిస్టమ్ అంత నచ్చింది" అన్నాను. "ఎక్సలెంట్" అన్నారు. ఈసారి ఆ మాట కాస్త నెమ్మదిగా అన్నారు. నా పర్మనెంట్ లెటర్ మీద సంతకం పెట్టారు కాబట్టి ఆ నెమ్మది గురించి నేను ఆలోచించలేదు.

లెటర్ రాగానే కాజూ కత్లీ డబ్బా కొనుక్కుని, మర్నాడు మధ్యాహ్నం ఆర్డర్ల డిపార్ట్‌మెంట్‌కి పరుగెత్తాను. సీట్లన్నీ ఖాళీ. వరంగల్ అన్న ఒక్కడే ఉన్నాడు, అదీ తన సీటులో కాదు. ఒక బల్ల దగ్గర మౌస్ కాస్త కదిపి, పక్క బల్లకి వెళ్ళి అక్కడిది కదిపి, తర్వాతి దానికి వెళ్ళి, మళ్ళీ మొదటికొస్తున్నాడు. కుండీలకి నీళ్ళు పోసే మనిషి మొహంలో ఉండే శ్రద్ధ అతని మొహంలో ఉంది.

"ఏం చేస్తున్నవ్ అన్నా?"

"వాళ్ళు తింటున్నరు చెల్లె. జరసేపు ముట్టకపోతే ఇది బంద్ అయితది, కొట్టిన ఆర్డరంతా పోతది. ఇయ్యాల కాపలా నాది, రేపు ఆంటీది." అని, నా మొహం చూసి, చెప్పకూడనిది చెప్పేశానని అర్థమై ఆగిపోయాడు.

అప్పుడు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, గోడౌన్ నడకలు, ఆలస్యంగా వచ్చే అక్షరాలు, అన్నీ. చేయి కడుక్కుని వచ్చిన అంకుల్ నా చేతిలో డబ్బా తీసుకుని, "ఏదో చిన్న చిన్నవి తల్లీ. నోరు తీపి చేసుకుందాం రా" అన్నారు. "ముందే చెప్తే సరిచేసేదాన్ని కదా అంకుల్" అన్నాను. అవి నిజంగా చిన్నవే. సాయంత్రంలోగా సరిచేయగలిగినవి. "చెప్తే నీ ఉద్యోగం యాడ పోతుందో అని" అన్నారు ఆంటీ, ఆ ఒక్క ముక్కతో అంతా తేలిపోయినట్టు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ఏం చేయాలో తెలియక ఒక కాజూ కత్లీ తిన్నాను.

ఆ వారమే ఎక్సలెంట్ గారు ఆర్డర్లవాళ్ళని మీటింగ్‌కి పిలిచారు. నా గ్రాఫే తెర మీద ఉంది. పైలట్ అద్భుతంగా జరిగిందన్నారు. ఇంత సాఫీగా నడిచే పనికి ఇంతమంది అక్కర్లేదని తేలిందన్నారు. పైగా డెస్క్‌టాప్ ఎక్కడినుంచైనా తెరవచ్చు కాబట్టి మనుషులు మార్కమ్‌లోనే ఉండాల్సిన అవసరమూ లేదన్నారు. ఆర్డర్ల పని హైదరాబాద్‌లోని ఒక ఆఫీసుకి వెళ్తోంది. ఆయన తర్వాత చెప్పినవి ఎవరూ విన్నట్టు లేదు. బయటికొచ్చాక వరంగల్ అన్న, "నేను ఆడికెంచి ఈడికొస్తి, నా కుర్చి ఈడికెంచి ఆడికి వోయె" అన్నాడు. అందరం నవ్వాం. అలాంటి నవ్వు నేను మళ్ళీ వినదలుచుకోలేదు.

జరిగింది చెప్పేస్తానని నేను లేచాను. అంకుల్ నా దారికి అడ్డంగా నిలబడ్డారు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. "ఇప్పుడు నువ్వెళ్ళి చెప్తే మేము అబద్ధాలాడినోళ్ళమవుతాం, నీ లెటర్ వెనక్కి పోద్ది. మా ఉద్యోగాలు మాత్రం రావు. చదువుకున్నదానివి, లెక్క నువ్వే చూసుకో" అన్నారు. లెక్క ఆయన చెప్పినట్టే ఉంది. అయినా వెళ్ళాను. మర్నాడు పొద్దున ఎక్సలెంట్ గారి గదిలో నిలబడి, ఆ గీత తిన్నగా రావడానికి మధ్యాహ్నం పూట వంతులవారీగా మౌస్‌లు కదిపారని, సిస్టమ్ సరిగ్గా పనిచేయలేదని, పైలట్ విఫలమైందని, నన్ను పర్మనెంట్ చేయాల్సింది కాదని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పీఆర్ పోతే పోయిందని నిజంగానే అనుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నోట్ చేసుకున్నారు కూడా. "ఎక్సలెంట్. పాఠాలు అని చివర్లో ఒక స్లైడ్ చేర్చు" అన్నారు. అంతే. నా ఉద్యోగం పోలేదు. వాళ్ళ ఉద్యోగాలు రాలేదు. ప్రాణాలకి తెగించి చెప్పిన నిజం ఒక స్లైడ్ అయింది.

ఆఖరి రోజు వాళ్ళ డెస్క్‌టాప్‌లు తీసేయాల్సింది కూడా నేనే. ఇంకెవరికీ చేతకాదు మరి, దానికే కదా నన్ను పర్మనెంట్ చేసింది. నలుగురివి తీసేశాను. అంకుల్‌ది తీయబోతే, ఇందులో ఒకరు పనిలో ఉన్నారు, అయినా తీసేయాలా అని అడిగింది సిస్టమ్. లేచి వెళ్ళి చూస్తే, ఆయన నిజంగానే పనిలో ఉన్నారు. ఎవరో కస్టమర్ ఆలస్యంగా ఫోన్ చేశాడట. ప్రింటర్ అప్పటికి బాగుచేశాను, కాగితం పక్కనే పడింది. దాన్ని ట్రేలో సర్ది, కోటు వేసుకుని, "ఇక కొట్టెయ్ తల్లీ" అన్నారు. కొట్టేశాను.

ఇప్పుడు నేను దేశానికి అటు చివర బర్నబీలో ఉంటున్నాను. పని ఇలాంటి పైలట్లు నడపడమే. గుంపులోకి ముందుగా కుర్చీ కిరకిరల రకాన్ని వెతికి తీసుకుంటాను. నన్ను ఎంత తిడితే అంత గౌరవిస్తాను. మనవాళ్ళెవరైనా అయిదు నక్షత్రాలు వేస్తే మాత్రం నమ్మను. వాళ్ళ భోజనాల వేళకి వెళ్ళి మౌస్ దగ్గర ఎవరున్నారో చూస్తాను. ఇదంతా తెలివి అని నలుగురూ అనుకుంటారు. భయం అని నాకు తెలుసు.

పీఆర్ వచ్చిన రోజు మొదటి ఫోన్ అంకుల్‌కే చేశాను. అంతకుముందు నేనెప్పుడు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగినా, "నాకేంటమ్మా, మారాజులా ఉన్నా. నీ కాగితాలు ఎందాకా వచ్చినయ్?" అనేవారు. ఆరోజు సంగతి చెప్పగానే, "చేతికొచ్చేసిందా? ఇక ఎవరూ ఏం చేయలేరు కదా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు. నేను కళ్ళు తుడుచుకుని, "కొత్త పని ఎట్లుంది అంకుల్?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఏం పనమ్మా అది" అన్నారు అంకుల్. "ఫ్రోజెన్ ఫుడ్ గోడౌను. రెండు స్వెట్టర్లేసుకున్నా ఎముకలు కొరుకుద్ది. నడుము పట్టేసి ఆర్నెల్లయింది. ఆ సూపర్‌వైజర్ ఒట్టి చవట, మొన్న నన్ను పట్టుకుని..." ఆపకుండా మొదలుపెట్టారు. చలి గురించి, బూట్ల గురించి, ఇంజనీరుగా చేసిన చేతులతో చేపల పెట్టెలు మోయడం గురించి. మధ్యలో మా క్లౌడ్ డెస్క్‌టాప్ అంత దరిద్రపు వస్తువుని జన్మలో చూడలేదని కూడా అన్నారు. పెన్ను పట్టుకుని ప్రతి శుక్రవారం ఆయన ఎదురుగా నిలబడ్డ అప్పటి నేను గుర్తొచ్చి, ఆ పిచ్చిదాని మీద జాలీ నవ్వూ వచ్చాయి. ఆయనకి మాత్రం అడ్డు చెప్పలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, "ఊఁ, చెప్పండి అంకుల్" అంటూ కూర్చున్నాను.