మంచు మీద నా ప్రదక్షిణలు

అమెరికాలోని క్యారీ ఊళ్లో మేం ఇల్లు కొన్న తొలి చలికాలం, మా వీధిలో చాలా లాన్‌లు ఎండుగడ్డి రంగుకి తిరిగితే మాది మాత్రం పచ్చగా ఉండేది. వాళ్లది వేసవి గడ్డి, చలికి నిద్రపోతుంది. మాది ఫెస్క్యూ అనే రకం. చలిలో పెరగడం దాదాపు ఆపేసినా రంగు వదలదు. సెప్టెంబర్‌లో పక్కింటి పెద్దాయన దగ్గరుండి నాచేత విత్తనం చల్లించాడు. గొప్ప మాత్రం నేనే చెప్పుకునేవాణ్ణి.

జనవరిలో ఆ పచ్చదనం మధ్య గోధుమరంగు మచ్చలు పడ్డాయి. పెద్దాయన కుక్క రోజూ మా లాన్ అంచున ఆగేది. దాని మూత్రానికే గడ్డి మాడుతోందనుకున్నాను. ఇంకేం, దొంగ దొరికింది.

"మీ కుక్కని ఇటు తీసుకురాకండి, గడ్డి చచ్చిపోతోంది" అని ఆయన మొహం మీదే అన్నాను.

ఆయన సరేనని తలూపాడు. మర్నాటి నుంచి వీధికి అవతలి వైపున నడిచాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపడం కూడా మానేశాడు.

వారం తర్వాత ఒక ఉదయం హైదరాబాద్ టీమ్‌తో కాల్‌లో ఉన్నాను. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని లాన్‌లో తిరుగుతూ మాట్లాడటం నా అలవాటు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. పైన బెడ్‌రూమ్ కిటికీ తెరుచుకుంది.

"ఏమండీ, మచ్చలు వేసే కుక్క దొరికింది! దాని చెవిలో బ్లూటూత్ కూడా ఉంది!"

నా భార్య నవ్వు ఆపుకోలేకపోతోంది. పైకెళ్లి చూశాను. తెల్లటి మంచులో, నవగ్రహాల చుట్టూ తిరిగినట్టు నా బూట్ల గుర్తులు, సరిగ్గా ఆ మచ్చల మీదుగానే. గడ్డకట్టిన ఆకు మీద అడుగు పడితే నలిగిపోతుందని, ఎండెక్కాక మాడిపోతుందని నాకు తెలియదు. తెలియని సంగతికి ఎంత ధీమాగా నింద వేశానో!

"వెళ్లి సారీ చెప్పి రండి" అంది.

కాల్స్ ఉన్నాయని సాకు చెప్పి రెండు రోజులు వెళ్లలేదు. మూడో రోజు ఆయన తలుపు తట్టి అంతా చెప్పేశాను. బ్లూటూత్ మాట దగ్గర పెద్దాయన తలుపు పట్టుకుని మరీ నవ్వాడు. కోటు వేసుకుని, కుక్కతో సహా నా వెంట వచ్చి, వంగి ఎండిన ఆకులు పక్కకి తీశాడు. మట్టికి ఆనుకుని లేత పచ్చటి మొదళ్లు.

"ఆకే పోయింది, మొదలు బతికే ఉంది. మార్చికల్లా మళ్లీ చిగురిస్తుంది. అప్పటిదాకా నీ ఆఫీసు డ్రైవ్‌వే సిమెంటు మీద పెట్టుకో" అన్నాడు.

కుక్క మాత్రం మా లాన్ అంచు దగ్గరే ఆగిపోయింది. నేను గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, వచ్చీరాని ఈలతో పిలిచాను. ఒక్క పరుగున వచ్చి నా మొహమంతా నాకింది.