ఓర్లిన్ బకెట్ పరీక్ష

అడిగిన రీలు అడిగినవాడికి అమ్మిన పాపాన ఓర్లిన్ టోర్గర్సన్ ఏనాడూ పోలేదు. గేలం కర్రలు, దారం చుట్టే రీళ్లు అమ్ముకుని బతికే మనిషికి ఇంతకన్నా పెద్ద జబ్బు ఉండదు. నా కాఫీ హోటలు అతని దుకాణానికి ఆనుకునే ఉంది. వంటింటి కిటికీ తెరిస్తే అతని వరండా కనిపిస్తుంది కాబట్టి, ఆ జబ్బు ముదరడమంతా నేను దగ్గరుండి చూశాను.

విస్కాన్సిన్‌లో మా వైపు సరస్సుల్లో మస్కీ దొరుకుతుంది. ఒంటి నిండా పొగరు, నోటి నిండా పళ్లు ఉన్న చేప అది. ఎర మెల్లగా వస్తే దానివంక కన్నెత్తి చూడదు. ప్రాణభయంతో పారిపోతున్నట్టు పరుగెత్తాలి, అప్పుడు గానీ దానికి కోపం రాదు. అందుకని వచ్చినవాడల్లా గల్లా ముందు నిలబడి ఒకటే పాట పాడతాడు.

"అన్నిటికన్నా వేగమైన రీలియ్యి."

ఓర్లిన్‌దీ ఒకటే పాట. "నన్నడక్కు. బకెట్‌నడుగు."

బకెట్ అంటే నా హోటల్లో ఊరగాయ దోసకాయలు అయిపోయాక పారేసిన బకెట్. ఓర్లిన్ దాన్ని గులకరాళ్లతో నింపి, పిల్లలు మంచులో జారే పాత ప్లాస్టిక్ బండి మీద కూర్చోబెట్టి, దుకాణం ముందు పచ్చికలో ఆ చివరన ఉంచాడు. దానికి దారం కడతాడు. కొనేవాడు వరండాలో నిలబడి, రీలు తిప్పి, బకెట్‌ని మెట్లదాకా లాగాలి. లాగినవాడికే రీలు. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా ఇంతగా పరీక్షించరు.

చలికాలంలో మా రోడ్ల మీద మంచు తోసే డ్వేన్‌కి కూడా ఈ పరీక్ష తప్పలేదు. డ్వేన్ మనిషి కాదు, కొండ.

"ఓర్లిన్, నేను లారీ టైరు ఒంటిచేత్తో ఎత్తుతా. ఈ బకెట్ ఓ లెక్కా?"

"నాకేం తెలుసు? దాన్నే అడుగు."

వేగమైన రీలు పుచ్చుకుని డ్వేన్ తిప్పడం మొదలెట్టాడు. బకెట్ కాస్త దూరం వచ్చి ఆగింది. డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. మెడ మీద నరాలు లేచాయి. బకెట్ మాత్రం లేవలేదు.

"రీలు పాడైంది," అన్నాడు.

"రీలు బ్రహ్మాండంగా ఉంది. ఒక్క తిప్పుకి ఎంత ఎక్కువ దారం లాగితే అంత బరువు చేతి మీద పడుతుంది. నీళ్లలో మస్కీ కోసం వేసే ఎరకున్న లోహపు రేకులు గిరగిరా తిరుగుతూ ఇలాగే బరువు లాగుతాయి. సైకిలు మీద గుట్ట ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తావు?"

"సైకిలెక్కి చాన్నాళ్లయింది."

"ఆ సంగతి బకెట్ చెబుతూనే ఉంది."

తర్వాత చిన్న గేరు, పొడుగు పిడి ఉన్న రీలు ఇచ్చాడు. బకెట్ పెంపుడు దూడలా నడుచుకుంటూ వచ్చింది. డ్వేన్ మొహం చిన్నబోయింది. వెంటనే ఓర్లిన్ అతని భుజం తట్టి, "తప్పంతా ఆ వేగం రీలుదే. నీ చేతికి సరిపడే రీలు ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా దీంతో సర్దుకో," అన్నాడు. ఎవరు ఓడినా తిట్లు తినేది రీలే.

ఇంతవరకూ భరించాం. ఏప్రిల్‌లో అతనికి కొత్త పిచ్చి పట్టుకుంది. పిడి కుడివైపు ఉన్న రీళ్లన్నీ గోదాంలో పడేసి, దుకాణం నిండా పిడి ఎడమవైపు ఉన్న రీళ్లు తెప్పించాడు.

"కుడిచేత్తో తిప్పడం పొరపాటు," అని ప్రకటించాడు.

"మా తాత కుడిచేత్తోనే తిప్పాడు," అన్నాడు డ్వేన్.

"మీ తాత ఎప్పుడైనా చేప పట్టాడా?"

డ్వేన్ వాళ్ల తాత సంగతి ఊరందరికీ తెలుసు.

ఆ వేసవంతా ఊరు ఊరే ఎడమచేత్తో తంటాలు పడింది. మా పాస్టరుగారి గేలం వెళ్లి చర్చి కప్పు మీద పడింది. ఓర్లిన్ మాట మీద నిలబడే మనిషి కదా, నా హోటల్లో కాఫీ కూడా ఎడమచేత్తోనే తాగడం మొదలెట్టాడు. సగం తాగేవాడు, సగం నా బల్లకి పట్టించేవాడు.

"చంటిపిల్లాడికి కట్టినట్టు మెడకి గుడ్డ కట్టనా?" అనేదాన్ని.

"అలవాటవుతుందిలే, నోర్మా," అని ఇంకాస్త ఒలికించేవాడు.

నిజానికి ఆ రోజుల్లో నాకు నవ్వులాటకి మనసు లేదు. మార్చిలో మా ఆయన లైల్‌కి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల బతికాడు. నడక వచ్చింది, మాట వచ్చింది. కుడిచేతికి పట్టు దొరికింది గానీ చకచకా తిప్పడం మాత్రం రాలేదు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని సరస్సువంక చూసేవాడు. "ఈ ఆకులు రాలే కాలంలో కూడా నీళ్లమీదకి పోలేకపోతే పడవ అమ్మేస్తా," అన్నాడొకరోజు. పడవ పోయాక మనిషి మిగలడని నా భయం. ఓర్లిన్, లైల్ ఒకే పడవలో పెరిగినవాళ్లు. అలాంటిది లైల్ చెయ్యి గురించి ఓర్లిన్ ఒక్కసారి కూడా అడగలేదని నాకు కడుపు మండిపోయేది.

సెప్టెంబరులో ఒక శనివారం లైల్ ఉన్నట్టుండి లేచి, టోపీ పెట్టుకుని ఓర్లిన్ దుకాణానికి నడిచాడు. వరండాలో డ్వేన్‌తో సహా సగం ఊరుంది.

"అన్నిటికన్నా వేగమైన రీలియ్యి, ఓర్లిన్," అన్నాడు లైల్. "నా చెయ్యి నెమ్మదించింది. రీలైనా పరుగెత్తాలిగా."

వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డ నా చేతిలో పెనం ఉంది. వద్దు ఓర్లిన్, ఇవాళ ఒక్కరోజు ఆ మాట అనకు అని మనసులోనే మొక్కుకున్నాను.

"నన్నడక్కు," అన్నాడు ఓర్లిన్. "బకెట్‌నడుగు."

పెనం విసిరేదాన్నే. ఈలోగా అతను చిన్న గేరు రీలు బిగించిన కర్ర లైల్ చేతికిచ్చాడు. పిడి ఎడమవైపుంది.

"ఎడమచెయ్యా?" అన్నాడు లైల్. "నీకు మతి పోయిందిరా."

"పోయి చాన్నాళ్లయింది. ఈ దుకాణంలో అందరికీ అదే రూలు."

"తప్పించుకోలేవు లైల్," అన్నాడు డ్వేన్ నిట్టూరుస్తూ. "మేమంతా పడ్డాం. నువ్వూ పడు."

లైల్ కర్ర మొదలు చంకలో ఇరికించి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో తిప్పాడు. బకెట్ కదిలింది. ఆగింది. లైల్ పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. బకెట్ పచ్చికలో బరబరా వచ్చి మెట్టుకి టక్కున తగిలింది.

"నాకన్నా త్వరగా లాగాడు!" అని డ్వేన్ కేకేశాడు.

"ఇది మెల్లని రీలు కదరా?" అన్నాడు లైల్, తన చేతినే నమ్మలేనట్టు చూసుకుంటూ.

"మెల్లని రీలుని గబగబా తిప్పొచ్చు. వేగం రీలుతో మధ్యాహ్నానికల్లా అలిసిపోయి పడుకోవడమే," అన్నాడు ఓర్లిన్. "ఎప్పుడు పోదాం?"

"రేపు పొద్దున్నే," అన్నాడు లైల్.

నేను పిండి బస్తా మీద కూలబడి, మార్చి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాను. అంతలోనే అనుమానం వచ్చింది. ఓర్లిన్ రాళ్లు తీసేసి ఉంటాడా? అందరూ వెళ్లాక చప్పుడు చెయ్యకుండా వెళ్లి బకెట్ ఎత్తబోయాను. నడుము పట్టేసింది గానీ బకెట్ లేవలేదు. అంచుదాకా రాళ్లే. ఆ నడుము నొప్పంత హాయైన నొప్పి నా జన్మలో ఎరగను.

అక్టోబరులో ఒకరోజు తెల్లవారుతుండగా, ఓర్లిన్‌కి నేను కాల్చిన ఆపిల్ పై ఒకటి పళ్లెంలో పెట్టుకుని సరస్సు ఒడ్డున ఉన్న అతని ఇంటికి వెళ్లాను. లైల్ ఇంకా పడుకునే ఉన్నాడు. ముందురోజు మస్కీని పట్టి, ముద్దు పెట్టుకుని నీళ్లలోకి వదిలేసిన అలసట అది. ఓర్లిన్ రేవు బల్ల మీద ఒక్కడే నిలబడి ఎర విసురుతున్నాడు. పాత రీలు. పిడి కుడివైపుంది. కుడిచేత్తో హాయిగా, ఈలవేస్తూ తిప్పుతున్నాడు.

"ఓర్లిన్!" అన్నాను.

జాం సీసాలో వేలు పెట్టి దొరికిన పిల్లాడిలా రీలు వెనక్కి దాచాడు.

"ఎడమచేత్తో నాకు చచ్చినా రావడం లేదు, నోర్మా," అన్నాడు గొణుగుతూ.

"మరి ఊరందరి చేతా ఎందుకు తిప్పించావు? పాపం, ఆ పాస్టరుగారి చేత కూడా?"

అతను సరస్సువంక చూశాడు. "లైల్ సంగతి తెలుసుగా. ఒక్కడికే ఎడమచేతి రీలిస్తే పుచ్చుకుంటాడా?"

మార్చిలో లైల్ మంచాన పడ్డాడు. ఏప్రిల్‌లో ఓర్లిన్‌కి పిచ్చి పట్టింది. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్లూ నా బుర్రకి తట్టలేదు. తెచ్చిన ఆపిల్ పై పళ్లెం అతని చేతిలో పెట్టి, "ఎవరికీ చెప్పనులే," అన్నాను.

చెప్పలేదు కూడా. ఓర్లిన్ ఇప్పటికీ రోజూ లైల్ ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో కప్పెత్తి, సగం కాఫీ నా బల్ల మీద ఒలికిస్తాడు. "వీడికి ఈ జన్మకి రాదు," అని లైల్ పడీపడీ నవ్వుతాడు. నేను బల్ల తుడిచి, కప్పు మళ్లీ నింపుతాను.