అవ్వ ఫోన్లో నా ఫొటో

ఈ రోజు జనగామ పాతబజారు వెనక సందుల్లో తిరుగుతూ, పూలు చెక్కిన ఓ పాత తలుపును ఫొటో తీశాను. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న అవ్వ చేట పక్కన పెట్టి లేచింది.

"ఎందుకు తీస్తున్నవ్ బిడ్డా?"

"పాత తలుపు కదా అవ్వా, ముచ్చటగుంది."

"ఎనక గల్లీల గూడ గిట్లనే ముచ్చటగుందని ఫొటోలు తీసుకపోయిండ్రు. తెల్లారి గోడలకు ఎర్రగీతలు కొట్టిండ్రు, రోడ్డు పెద్దగ చేస్తరంట."

నేను వాళ్ల మనిషిని కానని ఎంత చెప్పినా నమ్మలేదు. ఫోన్ తెచ్చి, "జర ఇటు సూడు" అంటూ నన్నే ఫొటో తీసింది.

"రేపు మా గోడకు గీత పడితే, నువ్వెవలో ఎరుకుండాలె గద!"

కాస్త కోపం వచ్చిన మాట నిజమే. ఇంటికొచ్చి చూసుకుంటే, నా ఫొటోలో పూలకంటే తలుపు మీది ఇంటి నంబరే స్పష్టంగా పడింది.

మీరైనా నన్ను నమ్ముతారా?